ముందువైపు చూసి చెప్పిన ధర

నేను రోజూ ఎక్కే నిచ్చెన మీద, దాని కాళ్ళకు తొడిగిన రబ్బరు మీద, ఆ రబ్బరు జారకుండా ఇంతకాలం కాపాడిన దేవుళ్ళందరి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట దగ్గరే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. నవ్వనివ్వండి. కోర్టులో చెప్పమన్నా ఇదే చెబుతాను. కాకపోతే అక్కడ ఇంకొంచెం బాగా చెబుతాను.

నేను ఆక్లాండ్‌లో కిటికీలు తుడుస్తాను. అంతకుముందు పదకొండేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికాను. ఒకరోజు కంపెనీవాళ్ళు మమ్మల్నందరినీ పిలిచి, కేకు కోసి పెట్టి, ఇంటికి పంపించేశారు. ఇంకో ఉద్యోగం దొరికేదాకా కాలక్షేపానికని ఒక పాత వ్యాన్, ఒక నిచ్చెన కొన్నాను. ఆ కాలక్షేపానికి ఇప్పుడు నాలుగేళ్ళు. కిటికీ తుడిచి రెండడుగులు వెనక్కి వేసి చూస్తే అందులో ఆకాశం మొత్తం కనబడుతుంది. ప్రోగ్రాములో తప్పు పట్టుకున్న రోజున నాకు మేనేజర్ మొహం తప్ప ఏమీ కనబడలేదు.

కిటికీలతో పేచీ లేదు. లెక్కపెట్టి, అద్దానికింత అని చెబితే సరిపోతుంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, కిటికీ తుడిచే మనిషిని చూడగానే ఇంటివాళ్ళ కళ్ళు ఇంకొంచెం పైకి పోతాయి. "ఎలాగూ నిచ్చెన వేశారు కదా, ఆ గట్టర్ కూడా చూస్తారా" అంటారు. చూరు అంచున వాన నీళ్ళు పట్టే తొట్టి గట్టర్. దాని వెనక, ఇంటి చుట్టూ అంచు కట్టినట్టు బిగించిన పొడవాటి పలక ఫేషియా. ఈ ఊళ్ళో ఒకే పూటలో రెండుసార్లు వాన, మూడుసార్లు ఎండ. అందుకని గట్టర్ ఆకులతో నిండిపోతుంది, ఫేషియాకు పచ్చగా నాచు పడుతుంది. రెండూ శుభ్రం చేయడం తేలిక. ధర చెప్పడమే కష్టం.

ఇల్లు చుట్టూ ఒక్కసారి పూర్తిగా తిరగాలి. ఎన్ని అడుగులో లెక్కపెట్టాలి. ఎన్ని అంతస్తులు, మీదికి ఏ చెట్టు వంగింది, నిచ్చెన కాళ్ళు సిమెంటు మీద ఆనుతాయా లేక ఇంటావిడ ప్రాణంగా పెంచుకునే పూలమొక్కల్లోనా, ఇవన్నీ చూశాకే నోరు విప్పాలి. వృత్తిలో ఇది మొదటి సూత్రం. నాకు కంఠతా వచ్చు. అయినా నా నోరు నాకన్నా ముందు నడుస్తుంది.

కివీల దగ్గర, అంటే ఈ దేశంవాళ్ళ దగ్గర, ఇబ్బంది లేదు. వాళ్ళు గుమ్మంలోనే నిలబెట్టి ఎంత అంటారు, నేనింత అంటాను, నచ్చితే ఎప్పుడొస్తావంటారు, నచ్చకపోతే ఆలోచించి చెబుతామంటారు. ఆలోచించి చెప్పినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరు లేరు. మనవాళ్ళ ఇళ్ళలో అలా కాదు. ధర మాట ఎత్తరు. ఏ ఊరండీ అని మొదలవుతుంది. తెనాలి దగ్గర అనగానే నేను అన్నయ్యనైపోతాను. కాఫీ వస్తుంది, కాఫీ వెంట జంతికలు వస్తాయి. జంతిక నోట్లో ఉండగా, "ఎంతవుతుంది అన్నయ్యా" అంటారు. తిన్న నోటితో అంకె చెప్పడం నాకు చేతకాదు. "దానిదేముందమ్మా, మీరెంతిస్తే అంత" అనేస్తాను.

మౌంట్ రాస్కిల్‌లో ఒక ఇంట్లో అలాగే అన్నాను. పైకెక్కి చూద్దును కదా, గట్టర్‌లో ఏళ్ళ తరబడి మట్టి పేరుకుని, పిట్టలు పారేసిన గింజలు మొలిచి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా టమాటా తోట. కాయలు ఎర్రగా మాగి ఉన్నాయి. రెండు గంటల పనికి రోజంతా పట్టింది. వాళ్ళు రెండు గంటలకు తగ్గట్టే ఇచ్చారు. సాయంత్రం బకెట్‌తో టమాటాలు ఇంటికి తెచ్చాను. మా ఆవిడ పప్పులోకి తరుగుతూ, "ఇవి కిలో ఎంత పడ్డాయండీ మనకి" అని అడిగింది.

మా ఆవిడ మందుల షాపులో ఫార్మసిస్టు. ఎవరికైనా సరే, ఎంత ఖరీదైన మందుకైనా సరే, కళ్ళు ఆర్పకుండా ధర చెప్పి నిలబడగల మనిషి. ఆమె పెద్దమ్మ కొడుకు క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటాడు. అతను అక్కడ నాకొక ఉద్యోగం చూశాడు. మళ్ళీ కుర్చీ, మళ్ళీ స్క్రీను, మళ్ళీ ఇతరుల తప్పులు. కాగితాలు వచ్చాయి. సంతకం పెట్టి సోమవారానికి పంపాలి.

"నేను మిమ్మల్ని కుర్చీలో కట్టేద్దామని చూడట్లేదండీ" అంది మా ఆవిడ. "కానీ ఇలా ఊరందరి ఇళ్ళకీ ఊరికే నీళ్ళు పోసి వస్తే మనకెలా? శనివారం ఒక ఇంటికి ధర చెప్పడానికి వెళ్తున్నారు కదా. ఆ ఒక్కటి సరిగ్గా చెప్పి రండి. చేతి డబ్బు పడని ధర, ఒక్కటంటే ఒక్కటి. చెప్పగలిగితే కాగితాలు చించేద్దాం. లేకపోతే క్రైస్ట్‌చర్చ్."

న్యాయమే. సరేనన్నాను.

శనివారం పొద్దున హెండర్సన్ దాటి, కొండల వైపు వెళ్ళే రోడ్డులో ఆ ఇంటి ముందు వ్యాన్ ఆపాను. చూడగానే ప్రాణం లేచొచ్చింది. ముచ్చటైన ఒక అంతస్తు ఇల్లు. ముందంతా సాపుగా సిమెంటు. చెట్టన్నది లేదు. పద్దెనిమిది అంగల వెడల్పు లెక్కపెట్టి, ఇక పక్కకు తిరుగుదామనుకుంటుండగా తలుపు తెరుచుకుంది.

డెబ్భై దాటిన ఆవిడ. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళ మనవరాలు. ఆమె నోట తెలుగు, వాళ్ళ నాయనమ్మ మూటగట్టుకుని తీసుకెళ్ళినది తీసుకెళ్ళినట్టే ఉంది. మధ్యమధ్య హిందీ ముక్కలు.

"లోపలికి రా బేటా. బువ్వ తిందువు."

"ముందు ఇల్లు చుట్టూ చూసొస్తానాంటీ."

"ఇల్లు యాడికీ పోదు. చేప చల్లారిపోద్ది."

కొబ్బరిపాలలో ఉడికిన చేప. పక్కన చామదుంపకు పెద్దన్నలా ఉండే డాలో దుంప. రొట్టెలు. పొద్దున పదిన్నరకు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే నాకు క్రైస్ట్‌చర్చ్ అన్న ఊరు ఒకటుందన్న సంగతే గుర్తులేదు.

"ఎంత తీసుకుంటావు?" అంది ఆంటీ, నా ఎదురుగా కూర్చుని.

"మూడువందల యాభై డాలర్లు" అన్నాను. చూశారా, ఈసారి మీరెంతిస్తే అంత అనలేదు. ఒక అంతస్తు ఇంటికి అది సరైన ధరే.

"నా చేప తిని మూడొందల యాభై చెప్తావా?"

"సరే, మూడువందల ఇరవై."

"ఇంగో ముక్క ఏస్తా. ఇప్పుడు చెప్పు."

"మూడువందలు."

"తోక ముక్క కూడా నీదే."

"రెండువందల ఎనభై ఆంటీ. ఇంక నావల్ల కాదు."

"మాటంటే మాటేనా?"

"మాటే."

ఆ గిన్నెలో ఇంకో రెండు ముక్కలుండి ఉంటే నేనే ఎదురు డబ్బిచ్చి వచ్చేవాణ్ణి.

చేతులు కడుక్కుని, పని రోజున నీళ్ళ పైపు ఎక్కడ తగిలించాలో చూసుకోవాలి కదా అని, తోటలో పంపు ఎక్కడుందని అడిగాను. ఆంటీ ముందు ఖాళీ గిన్నె తీసి సింకులో వేసింది. "ఎనక" అంది.

వెనక్కి వెళ్ళాను. వెనక భూమి లేదు.

అబద్ధం కాదు. ఇంటి పక్కగా పది మెట్లు దిగితే ఇంకో పది మెట్లు, ఆ తర్వాత ఇంకో పది. కొండ వాలులో కట్టిన ఇల్లు అది. ముందునుంచి చూస్తే ఒక అంతస్తు, వెనకనుంచి చూస్తే మూడు. కింద పొడుగాటి కర్ర స్తంభాలు, వాటి కింద చెట్లంత ఫెర్న్‌లు. మెడ వెనక్కి వంచి వంచి టోపీ పడిపోయాక, అల్లంత ఎత్తున గట్టర్ కనబడింది. అందులోంచి మొక్కలు నావైపు వంగి చూస్తున్నాయి. ఫేషియా ఏ రంగో ఎవరికీ గుర్తుండే అవకాశం లేదు. అంత ఎత్తుకు నిచ్చెన వేయకూడదు. పొడవు గొట్టాలతో కిందనుంచే చెత్త పీల్చే మిషను అద్దెకు తేవాలి. దాని అద్దె, రెండు రోజుల పని. నా రెండువందల ఎనభై ఆ మిషనుకూ పెట్రోలుకూ కూడా చాలదు.

పంపు పక్కన నిలబడి అరనిమిషం ఆలోచించాను. తర్వాత తల ఎత్తుకుని ముప్పై మెట్లూ ఎక్కి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను.

"ఆంటీ, తప్పు నాదే. వెనక చూడకుండా చెప్పాను. ఆ ధరకి చెయ్యలేను" అన్నాను.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. పకపకా నవ్వింది. "నువ్వు చూడలేదా, నేను చూడనిచ్చినానా? నీకన్నా ముందు నలుగురొచ్చినారు. నలుగురూ గేటు కాడినుంచి నేరుగా ఇంటి ఎనక్కి పోయి చూసినారు. ఒకడు పన్నెండొందలు అన్నాడు. ఇంగోడు చూసి, వ్యాన్ ఎక్కి పోయినాడు. ఫోన్లో నువ్వు తెలుగోడివని తెలిసినాక చేప తెప్పించినా."

ఇక మిగిలింది ఒకటే దారి. మా ఆవిడకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచాను.

"నమస్తే ఆంటీ. మా ఆయన వెనక చూడలేదంట" అంది మా ఆవిడ.

"లేదు. చేప చూసినాడు."

"ఎన్ని ముక్కలు తిన్నారు?"

"నాలుగు."

"అవి తీసేసే చెప్తున్నాను. వెయ్యి."

"ఏడొందలు."

"ఆంటీ, ఆ కొండ వాలులో ఆయన జారిపడితే ఈ వయసులో నేను ఇంకొకర్ని ఎక్కడ వెతుక్కోను?"

"నాకు ఇద్దరు మేనల్లుళ్ళున్నారు. ఇద్దరికీ పెళ్ళి కాలేదు."

అవతల మా ఆవిడ నవ్వు వినబడింది. "తొమ్మిదివందలు. మేనల్లుళ్ళ సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

"ఎనిమిదొందల యాభై. రెండు రోజులూ నీ మొగుడికి బువ్వ నాది."

కాసేపు నిశ్శబ్దం. మందుల షాపులో అలాంటి నిశ్శబ్దంలోనే ఎందరో పర్సులు తీయడం నేను చూశాను. కానీ ఈసారి అవతల ఉన్నది ఆంటీ.

"సరే" అంది మా ఆవిడ. "కానీ పని పూర్తయ్యాకే పెట్టండి. ముందు పెడితే కిటికీలు కూడా ఊరికే తుడిచేస్తారు."

"పిల్ల గట్టిదే" అంది ఆంటీ నావైపు తిరిగి. "ధరకి దీన్ని పంపియ్యకుండా నువ్వెందుకొచ్చినావు?"

ఆ మాట మా ఆవిడకూ వినబడింది. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి క్రైస్ట్‌చర్చ్ కాగితాలు బల్ల మీద లేవు. "మనం రామని రాసేశాను" అంది. "ఇకనుంచి ధర నేను చెప్తాను. మీరు ఇల్లు చుట్టూ తిరిగి ఫోటోలు పంపండి. నాలుగు వైపులా. అప్పటిదాకా ఎవరింట్లోనూ కూర్చోకండి. నిచ్చెన మాత్రం మీదే."

ఇంతకన్నా తియ్యని మాట మా పెళ్ళయ్యాక నేను వినలేదు.

తర్వాతి వారం రెండు రోజులు ఆ ఇంటి వెనక పని చేశాను. గొట్టాలు ఒకదానికొకటి తగిలించి ఆకాశంలోకి ఎత్తాను. మొక్కలు, పిట్ట గూళ్ళు, ఏడు టెన్నిస్ బంతులు, పక్కింటివాళ్ళ గాలిపటం దిగాయి. గట్టర్ మూలలో పడుకున్న, పిల్లిలా చెట్లెక్కి తిరిగే ఒక పోసమ్‌కు నిద్రాభంగమై, గొట్టం చివర పట్టుకుని నాతో పావుగంట లాగులాడింది. గెలిచింది ఎవరో చెప్పను. రెండో రోజు పొడవాటి బ్రష్షుతో ఫేషియా రుద్దుతుంటే నాచు కింది నుంచి తెల్లటి పలక చారలు చారలుగా బయటపడింది. ఆంటీ కింద కుర్చీ వేయించుకుని, "ఎడంపక్క, ఇంగా ఎడంపక్క" అని పొద్దుగూకేదాకా ఆజ్ఞలిచ్చింది. అంతా అయ్యాక నా పక్కన నిలబడి పైకి చూసి, "తెల్లదని నేనే మరిచిపోయినా" అంది. అప్పుడు బువ్వ పెట్టింది. ఈసారి మేక మాంసం. తింటూ ఎవరికీ ఏ ధరా చెప్పాల్సిన పని లేకపోవడం ఎంత రుచిగా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

ఇప్పటికి రెండేళ్ళయింది. మా ఆవిడ చెప్పిన ధరకు ఒక్కసారి కూడా చేతి డబ్బు పడలేదు. మనవాళ్ళు కొందరు, "వదిన లేనప్పుడు ఫోన్ చేస్తాం అన్నయ్యా" అంటుంటారు. నేను నోరు విప్పను. ఫోటోలు పంపుతాను.

ఇక ఒట్టు సంగతి. అంతా నిజమేగానీ, ఒక్కచోట మాత్రం అల్లాను. మీరనుకుంటున్న చోట కాదు. టమాటాలూ పోసమూ మీ ఇష్టం. నేను కల్పించింది పంపు దగ్గర అరనిమిషం ఆలోచించి, తల ఎత్తుకుని ముప్పై మెట్లూ ఎక్కి, తిన్నగా వెళ్ళి ఆంటీకి తప్పు ఒప్పుకున్న ముక్క. ఆ మెట్లు నేను ఎక్కిన మాట నిజమే. కానీ వంటింటి వైపు చూడకుండా, ఇంటి పక్కగా నక్కి, వ్యాన్ ఎక్కి వచ్చేశాను. మలుపులో, ఇక్కడివాళ్ళు డైరీ అనే చిల్లర కొట్టు ముందు ఆపి, ఒక ఐస్‌క్రీమ్ కొని, అది చేతిలో కారిపోతుంటే మా ఆవిడకు ఫోన్ చేశాను. ఫోన్ మొదట మోగింది అక్కడ.

"ఆ కాగితాల మీద సంతకం పెట్టేస్తాను. నాకు ధర చెప్పడం రాదు" అన్నాను.

ఆమె తిట్టలేదు. "వెనక ఎన్ని అంతస్తులు?" అని అడిగింది. మూడన్నాను. "చెట్లున్నాయా?" ఉన్నాయన్నాను. "ఆవిడ మంచిదేనా?" చాలా మంచిదన్నాను.

"అయితే వ్యాన్ వెనక్కి తిప్పండి. లోపలికెళ్ళి తప్పు నాదని చెప్పి, ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. మిగతాది నేను చూసుకుంటాను."

ఐస్‌క్రీమ్ చెత్తబుట్టలో వేసి, తిప్పాను.