ఇంటిపేరు లేని తంతి

మొన్న పొద్దున పాత విద్యార్థుల గ్రూపులో ఒక కబురు వచ్చింది, ఫలానా సార్ పోయారని. కడపలో మా కాలేజీలో ఆ పేరుతో ఇద్దరు సార్లు ఉండేవారు, ఒకరు లెక్కలకు, ఒకరు కంప్యూటర్‌కు. ఏ సారని అడిగి, జవాబొచ్చేదాకా లెక్కల సారే అయివుండాలని కోరుకున్నాను. సిగ్గులేకుండా కోరుకున్నాను. పోయింది మా కంప్యూటర్ సారే.

ఓసారి నేను రాసిన ప్రోగ్రాంలో ఒక పిల్ల క్లాసుకు, అంటే తల్లి కోడ్‌ను వారసత్వంగా తీసుకునే ముక్కకు, రెండు తల్లి క్లాసులు. రెండింట్లోనూ 'చూపు' అనే పేరుతోనే ఒక ఫంక్షన్. పిల్ల క్లాసు నుంచి దాన్ని పిలవగానే, ఏ తల్లిదో తెలియక, ప్రోగ్రాంను చదివే కంపైలర్ మొరాయించింది. సార్ తెర చూసి, "ఇంటిపేరు రాయప్పా" అన్నారు. తల్లి క్లాసు పేరు ముందు రాసి, నాలుగు చుక్కలు పెట్టి, ఆ తర్వాత ఫంక్షన్ పేరు రాశాను. నడిచింది. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"ఈ మిషనే మేలు. తెలీకుంటే నిలబడి అడుగుతాది. మేము అడగలే" అన్నారు.

యాభైల నాటి సంగతి, ఆరోజే చెప్పారు. వాళ్ల నాయనకూ, నాయన మేనత్త కొడుక్కూ తాత పేరే పెట్టారు, ఓబులేసు అని. ఇళ్లు కర్నూలు పడమట ఒకే పల్లెలో, ఎదురెదురుగా. ఇద్దరికీ పని ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనిలో. ఒకరోజు తంతి వచ్చింది, ఓబులేసు చనిపోయాడని. ఇంటిపేరు లేదు. తెచ్చినతను ముందు తగిలిన గడపలో, అంటే సార్ వాళ్లింట్లో చదివి పోయాడు. ఏ ఓబులేసని ఎవరూ అడగలేదు. అడిగితే ఆ చావును ఎదురింటికి తోసినట్టవుతుందేమోనని భయం. ఎదురింటి అత్తే, ఆ రెండో ఓబులేసు భార్యే, వచ్చి సార్ తల్లిని మూడు రోజులు ఒళ్లో పడుకోబెట్టుకుని ఓదార్చింది. మూడోనాడు మధ్యాహ్నం సార్ వాళ్ల నాయన నడుచుకుంటూ వచ్చాడు, చేతిలో బావ చెప్పులతో.

"మాయమ్మ నవ్వింది. అత్త ఒళ్లో తల పెట్టుకునే నవ్వింది. అత్త ఇనింది. మళ్ల సచ్చేదాంక మాతో మాట్లాడలే."

ఈరోజుకీ రెండు క్లాసుల్లో ఒకే పేరు కనిపిస్తే నా చేయి తనంతట తనే నాలుగు చుక్కలు పెడుతుంది. ఆ అలవాటు ఆయన చేసిందే, దానితోనే అన్నం తింటున్నాను.

నిన్న ఆయనింటికి పోయాను. అరుగు మీద లెక్కల సార్ కూర్చుని ఉన్నారు. ఆయన ఫోను మోగుతూనే ఉంది. ఎత్తిన ప్రతిసారీ ఒకటే మాట, "నేను కాదప్పా, ఆయన." అవతలివాళ్లు హమ్మయ్య అనడం పక్కన నిలబడ్డ నాకే వినిపించింది. లోపల మా సార్ భార్య ఉన్నారు. లెక్కల సార్ ఫోనును చెవికి గట్టిగా అదుముకుని, దాని మీద రెండో చేయి కూడా అడ్డం పెట్టుకున్నారు.