ఏసోబు ఓపెనింగ్ పోయిన సీజను

నిన్న ఐతారం ఏం జరిగిందో ఇనున్రి. చాయ్ తాగుతుంటే గ్లాసు కింద పెట్టి ఇనున్రి, మల్ల పొరబోతే నన్ననొద్దు. మన టీముకు కప్పొచ్చింది. బెస్ట్ బ్యాట్స్‌మన్ కప్పు. ఎవరికొచ్చిందో ఎరుకనా? ఏసోబుకు!

ఆఁ, మన ఏసోబుకే. ఎనిమిది నెలల కింద మనమంత పోయి మట్టేసొచ్చినం జూడు, గా ఏసోబుకు.

నేను తాగి మాట్లాడ్తలేను. బీపీ గోలీ ఏస్కునే మాట్లాడ్తున్న. టైపు కొట్టనీకె నాకు సదువు రాదాయె, అందుకే వాట్సాప్ల గీ వాయిస్ మెసేజ్. జర లంబ ఐతది. గ్రూపుల కొత్తగ చేరినోళ్లున్నరు గద, మొదటికెళ్లి జెప్త.

మల్లాపూర్ షెడ్డుల ఇనుము చెక్కే నా లేతు మిషన్ పక్కన ఏసోబు లేతు మిషన్. ఇరవై ఆరేండ్లు. మిషన్ల లొల్లికి మాట ఇనబడదు, కండ్లతోనే మాట్లాడుకునెటోళ్లం. ఐతారం ఒచ్చిందంటె ఇద్దరం ఉప్పల్ల గ్రౌండుకు. నలభై దాటినోళ్ల టోర్నమెంటు, టెన్నిస్ బాలు. నేను కెప్టెన్. ఎందుకు కెప్టెన్ అంటె బ్యాట్లు, స్టంపులు పెట్టనీకె నా ఇంట్లనే జాగ ఉన్నది, గంతే. ఏసోబు పొద్దుగాల చర్చికి పోయి, ప్రార్థన అయినంక గదే తెల్లంగితోని ఉరుక్కుంట ఒస్తుండె. పదకొండో నంబరు. కర్ర పట్టుకొని పోయేటాలకు అవుతలోడు ఔటైపోతుండె. ఎప్పుడు జూడు నాటవుట్, సున్న. "మల్లన్నా, నన్ను గీ ఉప్పల్ల ఔట్ జేసిన మొగోడే లేడు" అని నవ్వుతుండె.

పోయిన సీజను ఆఖరి మ్యాచుకు అడిగిండు. "ఒక్కపారి నన్ను ఓపెనింగ్ పంపరాదే."

నేనేమన్న? "నువ్వు ఓపెనింగ్ పోయిన నాడు నేను మీ చర్చిల పాట పాడుత తియ్" అన్న. అందరు పడి పడి నవ్విన్రు. నా గొంతు సంగతి ఎరుకే గద మీకు. ఏసోబు గూడ నవ్విండు. మల్ల పక్కకొచ్చి సప్పుడు గాకుండ, "నిజంగనే అడుగుతున్ననే" అన్నడు.

"వచ్చే సీజను పంపుత, పో" అన్న.

వచ్చే సీజను ఒచ్చింది. ఆయననే లేడు. ఛాతిల నొప్పన్నడు, దవాఖానకు పోయేటాలకే ఐపోయింది.

ఇగ అసలు సంగతి. మన టీము లిస్టు రాసింది ఏసోబే. ఏడో తరగతి సదివిండు, అచ్చరాలు ముత్యాల లెక్క ఉంటుండె. చాయ్ పడి ఖరాబైతదని నాచారం చౌరస్త కాడ జిరాక్స్ షాపుల లామినేషన్ జేపిచ్చిండు. ప్రతి ఐతారం అది స్కోరరుకిచ్చుడు, మ్యాచైనంక తీస్కొని సంచిల పెట్టుకునుడు. నాకు సదవరాదు గని, మీదికెళ్లి మొదటిది నా పేరు, కిందికెళ్లి మొదటిది ఏసోబు పేరు. గా రెండు గీతలు నాకు సదవకుండనే ఎరుక.

మొదటి మ్యాచుకు ముందు మనోళ్లు అన్నరు. "అన్నా, లిస్టు కొత్తది రాపియ్యాలె."

"రాపిస్త తియ్" అన్న. రాపియ్యలే.

ఏసోబు జాగల బాల్‌రాజును తెచ్చుకున్నం. నీళ్ల ట్యాంకరు నడుపుతడు, నలభై రెండేండ్లు, ఏనుగు లెక్క ఉంటడు. గీ సీజనుకు స్కోరరు, మైకుల కామెంట్రి చెప్పేటాయన ఇద్దరు కొత్తోళ్లు, ఏసోబును జూసినోళ్లు గారు. స్కోరరు లిస్టు జూసుకుంట అడిగిండు. "పెద్దమనిషీ, ఓపెనింగ్ ఎవరెవర్ని పంపుతున్నవు?" నాకేమాయెనో ఏమో, కిందికెళ్లి మొదటి గీత మీద ఏలు పెట్టిన. ఆయన జూసి, "ఏసోబేనా?" అన్నడు.

"ఆఁ" అన్న.

గంతే. నేను జేసిన తప్పు గా ఒక్క "ఆఁ".

బాల్‌రాజు పోయిండు. రెండో బాలుకే సిక్సరు! మైకాయన గొంతు పగిలేటట్టు ఒర్రిండు. "ఏసోబూ! ఏసోబు సిక్సరూ!" మన పోరలంత, పోరలంటె యాభై ఏండ్లోళ్లే, నా దిక్కు తిరిగిన్రు.  నేను బూట్ల లేసులు కట్టుకుంట తల కిందికేసిన. రెండు నిమిషాలు కట్టిన. నాయి లేసుల్లేని బూట్లని అప్పుడు యాదికొచ్చింది.

మ్యాచైనంక బాల్‌రాజు నా తానికొచ్చిండు. "కెప్టెన్ సాబ్, నన్ను ఏసోబంటున్నరేంది?"

"వచ్చే మ్యాచుకు మారుస్త తమ్మీ. షరమైతుంది నాకు."

"వద్దే వద్దు! మారిస్తె సంపుత. మా సేటు ఇల్లు గ్రౌండు ఎనకనే. మైకుల నా పేరినబడ్డదంటె నా నౌకరి ఖతం. మా అత్తను దవాఖానకు తీస్కపోవాలెనని జెప్పొచ్చిన."

ఇద్దరికి అక్కెరొచ్చింది. ఇగ ఎవరు మారుస్తరు?

గిట్లనే ఐదు మ్యాచులు. సీజనంత మనోళ్లు ఎట్ల ఆడిన్రంటె జెప్పనీకె సిగ్గైతది. ఒకడు మోకాలు, ఒకడు నడుము, ఒకడు క్యాచు కింద నిలబడి తుమ్ముతడు. నా సంగతైతె అడగనే అడగొద్దు. బాల్‌రాజొక్కడే కొట్టుడు. మైకుల ఏసోబు, ఏసోబు, ఏసోబు. నాకు ఐతారం ఎప్పుడొస్తదా అని ఉంటుండె. ఆటకు గాదు. గా పేరినేతందుకు. షెడ్డుల ఇప్పుడు ఆయన మిషన్ మీద కొత్తాయన ఉన్నడు, చెవులల్ల పాటలు పెట్టుకుంటడు. ఏసోబు పేరు నేను ఇనేది గాడ గ్రౌండుల ఒక్కకాడనే.

ఫైనలొచ్చింది. అవుతల సైనిక్‌పురి టీము. దాని కెప్టెన్ మిలట్రిల సుబేదారు జేసి దిగినాయన. మీసాలు గూడ అటెన్షన్ల నిలబడ్డయి. టాసుకు ముందుగల్ల అంపైరు కాడికి పోయిండు. "గా ఓపెనర్ తలల ఒక్క తెల్లెంటిక లేదు. నలభై దాటిండని నాకు నమ్మకం లేదు. అందరి ఆధార్ కార్డులు చూడాలె. రూలంటె రూలే."

 కార్డులన్ని జమ జేసిన్రు. అంపైరు మొకాలు జూడలే, లిస్టుల పేర్లతోని కార్డుల మీది పేర్లు కలిపి జూసిండు. లిస్టుల ఏసోబు. కార్డు మీద బాల్‌రాజు.

అంపైరు అడిగిండు. "గీ బాల్‌రాజు పేరు లిస్టుల లేదు గదా. మరి ఏసోబేడి?"

"ఇయ్యాల రాలే సార్."

"ఎప్పుడొస్తడు?"

 "రాడు సార్" అన్న.

"ఐతె పదిమందితోని ఆడుకోన్రి."

ఆడినం. ఏసోబు జాగల ఓపెనింగ్ ఎవరు పోవాలె? మనోళ్లు ఒక్కలు గూడ లేస్తలేరు. నేనే పోయిన. ఒక్క బాలన్న సక్కగ ఆడుదాం, ఆయన పేరు నిలబెడదామనుకున్న. సుబేదారు సాబే ఏసిండు బాలు. నేను కర్ర లేపేలోపల ఎనక స్టంపు పండుకున్నది. మైకాయన ఏమన్నడో ఎరుకనా? "ఇయ్యాల ఏసోబు ఉంటే బాగుండు!"

అరే, నేను గదే అనుకుంట నడుస్తున్న నాయనా.

ఓడిపోయినం. ప్రైజుల టైమైంది. రన్నరప్ కప్పు సంకల పెట్టుకొని నిలబడ్డ. స్టేజి మీదికి చీఫ్ గెస్టొచ్చిండు. జూస్తె ట్యాంకర్ల సేటు! టోర్నమెంటుకు నీళ్లు పోసింది ఆయననేనంట. నా పక్కన బాల్‌రాజు చటుక్కున కిందికి కూసున్నడు, షామియాన గుంజకు తాడు కట్టేటోని లెక్క.

"బెస్ట్ బ్యాట్స్‌మన్ ఆఫ్ ది సీజన్, రెండొందల పదకొండు రన్నులు... ఏసోబు!"

సప్పట్లు. ఎవరు పోలే.

"ఏసోబు గారు స్టేజి మీదికి రావాలె."

ఎట్లొస్తడు?

"ఏసోబు గారు ఏడున్నా సరే జల్ది రావాలె, సేటు గారికి పనున్నది."

ఇగ ఆగలేకపోయిన. నేనే ఎక్కిన. ఆయన తరుపున తీస్కుంటనని జెప్పి, దిగి, ఇంటికి పోదామనుకున్న. గని మైకాయన మైకు తెచ్చి నా మూతికాడ పెట్టిండు. "ఏసోబు గారికి ఏమైంది? పానం బాలేదా?"

అబద్ధం నోట్లెకొచ్చింది. జరముందని అంటె ఐపోవు. గని గదే పేరు మీద ఇంకొక అబద్ధం జెప్పనీకె నాలుక లేవలే.

"సచ్చిపోయిండు" అన్న.

జనమంత "అయ్యో!" అన్నరు. సేటు నెత్తి మీది టోపి తీసిండు. "ఎప్పుడు?"

"ఎనిమిది నెలలైంది."

 మైకాయన ఏళ్లు మడిచి నెలలు లెక్కబెట్టుకొని అడిగిండు. "మరి పోయిన ఐతారం ఏడు సిక్సర్లు కొట్టిందెవరన్నా?"

నాకు అప్పుడు బాల్‌రాజు కనబడ్డడు. గుంజ పొంట కూసోని, కండ్లు మూసుకొని, రెండు చేతులు జోడిచ్చి నాకే దండం పెడుతున్నడు. చెప్పకే అన్నా అని. గని కొట్టింది ఆయన. ఎండల ఐదు మ్యాచులు కొట్టిండు, ఒక్కనాడు తన పేరు ఇనలే. సేటుకు భయపడి ఊకున్నడు గని, సిక్సరు కొట్టినప్పుడల్ల మైకు దిక్కు జూస్తుండె. నేను జూసిన. జూసి గూడ జూడనట్టున్న.

"బాల్‌రాజు" అన్న. "గాయన్నే కొట్టింది. నా తప్పు. లిస్టు మార్చలే."

సేటు ముందుకొచ్చి కండ్ల మీద చెయ్యి అడ్డం పెట్టి జూసిండు. "ఓరి బాల్‌రాజూ! దవాఖాన్ల ఉన్ననన్నవు గదరా! మీ అత్తకెట్లున్నదిరా?"

బాల్‌రాజు లేసి నిలబడ్డడు. "జర నయమైంది సేట్" అన్నడు.

గ్రౌండంత నవ్వుడే నవ్వుడు. సేటు గూడ నవ్విండు, గాయన నవ్వినంక బాల్‌రాజు నవ్విండు. నేనొక్కన్నే స్టేజి మీద నవ్వురాక నిలబడ్డ.

ఇగ లొల్లి మొదలైంది. ఒకలు కప్పు ఇయ్యొద్దంటరు, ఒకలు బాల్‌రాజుకియ్యాలంటరు. సుబేదారు సాబు చెయ్యి లేపిండు. "లిస్టుల లేనోన్ని ఆడిచ్చిన్రు. రన్నరప్ కప్పు వాపస్ పెట్టాలె." నా సంకలకెళ్లి తీస్కున్నరు. "ఇగ బ్యాటింగు కప్పు. స్కోరు బుక్కుల ఏ పేరున్నదో గా పేరుకే ఇయ్యాలె. రూలంటె రూలే." గట్ల అనుకుంట గాయన్నే కప్పు తెచ్చి నా చేతుల పెట్టిండు. పెట్టి, కాళ్లు దగ్గర జేసి సెల్యూట్ కొట్టిండు. నాక్కాదు. కప్పుకు.

సాయంత్రం నేను, బాల్‌రాజు కల్సి నాచారంల ఏసోబు ఇంటికి పోయినం. ఏసోబు పెండ్లాం మరియమ్మ, నాకు చెల్లె లెక్క, తలుపు తీసింది. కప్పు చేతిల పెట్టి మొత్తం జెప్పిన. తిడతదనుకున్న. తిట్టాలె గూడ. "ఎంత కొట్టిండు?" అన్నది.

"రెండొందల పదకొండు."

నవ్వింది. కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. "బతికున్నప్పుడు పదకొండు గూడ కొట్టలే గదన్నా!" అన్నది. అంటనే ఏడ్సింది. బాల్‌రాజు దిక్కు జూసి, "అన్నా, మస్తు కొట్టినవు. కూసో, చాయ్ పెడ్త" అన్నది. పెద్ద ఏనుగు లెక్క మనిషి, గా చిన్న ఇంట్ల ఏడ కూసోవాలెనో తెల్వక గోడకు ఆనుకొని నిలబడ్డడు.

చాయ్ తాగినంక అడిగింది. "గా లిస్టేదన్నా?"

సంచిలకెళ్లి తీసిచ్చిన. లామినేషన్ మీద ఏలు పెట్టి ఒక్కొక్క గీత రుద్దుకుంట జూసింది. "ఇది నాకిచ్చిపో. ఆయన చేతిరాత మా ఇంట్ల ఇంకేడ లేదు" అన్నది.

ఇగో, గాడ నాకు సిగ్గేసింది. ఎనిమిది నెలలు సంచిల ఏసుకొని తిరిగిన. అది నాదనే అనుకున్న. ఆమెకు గావాలెనని ఒక్కనాడన్న తట్టలే. కెప్టెనంట, కెప్టెను!

లిస్టును కప్పుకు ఆనిచ్చి పెట్టింది. ఎల్లొస్తుంటె గడప కాడ ఆపింది. "అన్నా, ఆయన ఓపెనింగ్ పోయిండు గదా?"

"పోయిండు చెల్లె."

"మరి మా చర్చిల పాటెప్పుడు?"

ఏసోబు ఇంట్ల చెప్పుకున్నడన్నట్టు! తప్పిచ్చుకునే తొవ్వ లేదు. వచ్చే ఐతారం అన్న.

ఇయ్యాల పొద్దుగాల జిరాక్స్ షాపుకు పోయి కొత్త లిస్టు రాపిచ్చిన. మీదికెళ్లి మొదటిది బాల్‌రాజు. మొన్నటిదాంక ఆయనే వద్దంటె వద్దన్నడు, ఇప్పుడు సేటే రాయమన్నడంట! రాసేటాయన, "మరి నీ పేరేడ పెద్దాయనా?" అన్నడు. కింద రాయమన్న, ఆఖరు గీత. ఓపెనింగ్ ఎట్ల ఆడుతనో నిన్న ఉప్పల్ మొత్తం జూసిందాయె.

ఇంటికొచ్చి, బాత్రూముల తలుపేసుకొని, ఏసోబు మిషన్ కాడ పాడుకునే పాట ఒకటి యాదిజేసుకొని పాడి జూసిన. సగం గూడ కాలే. పక్కింటాయన ఉరికొచ్చి తలుపు దబదబ గొట్టిండు.

"మల్లన్నా! ఎవరన్న పోయిన్రానే?"

"ఆఁ" అన్న.

గీసారి అబద్ధం జెప్పలే.