ఇంగ్లండు కారూ, మునగపాక బెల్లమూ

అనకాపల్లి నుంచి పరవాడ ఫార్మా కంపెనీకి మేమందరం కంపెనీ బస్సులోనే వెళ్తాం. అందులో సీట్లు ఎవరికీ రాసివ్వలేదు గానీ ఎవరి సీటు వాళ్ళదే. ముందు ఎక్కినవాడు పక్కవాడి కోసం జేబురుమాలు వేసి ఉంచుతాడు. రుమాలున్న సీట్లో మేనేజరైనా సరే కూర్చోవడానికి లేదు. నాది మూడో కిటికీ. నా పక్కన కూర్చునే ఆయన ముందు స్టాపులో ఎక్కి ఏళ్ళ తరబడి నాకు రుమాలు వేస్తున్నాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ "బావ" అంటే "బావ" అనుకుంటాం.

అలాంటి బస్సును నేను తిట్టి మరీ దిగాను. విశాఖపట్నంలో ఒక డాక్టరుగారు తన పాత ఇంగ్లండు కారు అమ్మకానికి పెట్టారు. లోపల తోలు సీట్లు, నున్నటి చెక్క పలకలు, చెక్క మధ్యలో ముళ్ళ గడియారం. కొత్త చిన్నకారు ధరకు పాత మహారాజుల కారు వస్తుంటే వదులుకునేవాడు వెర్రివాడనుకున్నాను. బస్సులో చివరిరోజు అందరూ వింటుండగా, "ఇక ఈ డబ్బాలో కాలు పెట్టను, పెడితే పేరు మార్చుకుంటాను" అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, నాకది అప్పుడు గుర్తు రాలేదు. అలా నా పరువంతా తీసుకెళ్ళి ఆ కారు మీద పెట్టాను. అది రోజూ పరవాడ వెళ్ళి రావాలి, లేకపోతే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అంది మా ఆవిడ కారును చూసి. వాళ్ళ నాన్న మాత్రం సంబరపడ్డాడు. మునగపాకలో చెరుకు రైతు ఆయన. బండి కొన్నవాళ్ళు అందులో మొట్టమొదటి సరుకుగా బెల్లమే ఎక్కించాలన్నది ఆయన నియమం. ఎడ్లబండికీ అదే, ట్రాక్టరుకూ అదే.

"ఇది కారు మామా" అన్నాను.

"కారైతే ఏటి అల్లుడుగారూ, సక్రాలున్నాయా లేదా? నెల తిరిగీదాకా దించకండి, మంచిది కాదు."

గానుగ దగ్గర అప్పుడే అచ్చులోంచి తీసిన బెల్లం దిమ్మను గోనెలో చుట్టి డిక్కీలో పెట్టించాడు. దిమ్మ ఇంకా వెచ్చగా ఉంది. నేను దండం పెట్టాను కూడా.

మొదట్లో వైభవమే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు కారు పెట్రోలు తాగుతోంది. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా దాని కడుపు రాసుకుంటుంటే, నిండు చూలాలిని దాటించినట్టు అడ్డంగా తిప్పి దాటించేవాణ్ణి. వెనక లారీవాళ్ళు నన్నేమనేవారో ఇక్కడ రాయలేను. కంపెనీ బస్సు కనబడితే మాత్రం అద్దం దించి చెయ్యి ఊపేవాణ్ణి, ఏసీ పోతుందని వెంటనే ఎత్తేవాణ్ణి.

ఎండలు ముదిరాయి. ఒక ఉదయం పరవాడ మలుపు ఇంకా రాకముందే చెక్క మధ్యలోని గడియారం ఆగింది. తర్వాత ఏసీ, తర్వాత ఇంజను. అన్నీ ఆగాక హారన్ తనంతట తనే మోగడం మొదలుపెట్టింది. ఆ కారు కట్టిన దొరలు అన్ని కార్లలా బ్యాటరీని ముందు పెట్టకుండా డిక్కీలో కార్పెట్ కింద దాచారన్న సంగతి నాకప్పుడే తెలిసింది. డిక్కీ తెరిస్తే దిమ్మ లేదు. కరిగి గోనె దాటి, కార్పెట్ తడిపి, బ్యాటరీ వైర్ల మీద పాకంలా నిలిచింది. ఇన్నాళ్ళూ తోలు సీట్ల కారులో ఒక్కణ్ణే వెళ్తున్నాననుకున్నాను గానీ, మునగపాక చీమలన్నీ నాతోనే పరవాడ డ్యూటీకి వస్తున్నాయి.

అప్పుడే వెనక బస్సు వచ్చి ఆగింది. ఆగకుండా పోతే బాగుండునని నిజంగా కోరుకున్నాను. అందరూ దిగారు. డ్రైవరు వైరు పీకి హారన్ నోరు మూయించాడు. మిగతావాళ్ళు కారును మార్జినులోకి తోశారు. ఒకాయన వేలు ముంచి నాకి చూసి, "మనూరి సరుకే, కల్తీ లేదు" అన్నాడు.

"ఎక్కు బావ, డ్యూటీకి లేటైపోతంది" అన్నాడు డ్రైవరు.

పేరు మార్చుకుంటానన్న నా మాట గుర్తొచ్చింది. అయినా ఎక్కాను. మెట్టు మీద కాలు పెట్టగానే వెనక సీట్లోంచి ఎవరో, "కొత్త పేరేటి పెట్టుకున్నావు బావ?" అని అడిగారు. బస్సంతా నవ్వింది. తల వంచుకుని ముందున్న రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. నా సీట్లో ఈపాటికి ఎవరో స్థిరపడిపోయి ఉంటారు, అడిగే హక్కు కూడా నాకు లేదు.

కాసేపటికి తలెత్తి చూశాను. నలుగురైదుగురు నిలబడే ఉన్నారు, మూడో కిటికీ దగ్గర మాత్రం ఖాళీ. సీటు మీద గళ్ళ రుమాలు.

"ఎవరికేశావు?" అన్నాను, పక్క సీటు ఆయనతో.

"నీకే. నువ్వు కారు కొన్న మర్నాటి నుంచీ ఏత్తన్నాను."

"నేను మళ్ళీ వస్తానని నీకెలా తెలుసు?"

ఆయన రుమాలు దులిపి జేబులో పెట్టుకుంటూ కొంచెం జరిగాడు.

"నీ కారు నేనూ సూసేను గదా బావ. కూకో."