చెరిపేసిన డిజైన్ ఎక్కడికి పోయింది

2017 జూన్‌లో నా కంప్యూటర్ లోపలి నుంచి టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. మొదటిరోజు బల్లి అనుకున్నాను. మరునాడు ఒక్క డిజైన్ తెరుచుకోవడానికి నేను చాయ్ పెట్టుకుని తాగేంతసేపు పట్టింది. ఆ చప్పుడు మాత్రం ఆగలేదు.

చౌటుప్పల్ దగ్గర మా ఊళ్ళో ఇక్కత్ చీరలు నేస్తారు. నేత మొదలుకాకముందే పోగులకు కట్లు కట్టి రంగులో ముంచుతాం కాబట్టి, ఏ పోగు ఎక్కడ ఏ రంగు కావాలో ముందే గీసి పెట్టుకోవాలి. ఆ గీసే పని నాది. గళ్ళ కాగితం మీద చాలా ఏళ్ళు గీశాను. చూపు మందగించాక కోడలు కంప్యూటర్ మీద గళ్ళు నింపడం నేర్పింది. చప్పుడు మొదలయ్యేనాటికి అందులో ముప్పై తొమ్మిది డిజైన్లున్నాయి. ముప్పై ఎనిమిది చీరలై అమ్ముడుపోయాయి. చివరిది దసరా కోసం గీసినది, ఇంకా పోగుల మీదికి రాలేదు.

నా భయమంతా ఆ చివరిదాని గురించే. అంతకు రెండేళ్ళ ముందు, ఇంకా కాగితం మీద గీసే రోజుల్లో, ఒక డిజైన్‌ను జిరాక్స్ దుకాణంలో ఇచ్చి సాయంత్రం తెచ్చుకున్నాను. మగ్గం మీద చీర సగం కాకముందే అదే డిజైన్ మిల్లు గుడ్డ మీద అచ్చయి బజారుకు వచ్చింది. మా చీరలను ఎవరూ అడగలేదు. ఎవరు ఇచ్చారో ఈరోజుకీ తెలియదు. అప్పటి నుంచి నా డిజైన్ నా కళ్ళముందు లేకుండా ఎక్కడికీ పోలేదు.

కంప్యూటర్ డబ్బాను ఆటోలో పెట్టుకుని కోడలూ నేనూ చౌటుప్పల్ వెళ్ళాం. రిపేరు దుకాణం ఆయనకు నలభై ఏళ్ళుంటాయి, మాట ఎక్కువ. చెవి ఆనించి విన్నాడు.

“హార్డ్ డిస్క్ పోతాంది. ఇడిసిపెట్టి పోండ్రి, రేపు ఫోన్ చేస్త.”

“ఇక్కడనే కూసుంట బిడ్డా,” అన్నాను.

“గంటలు గంటలు పడ్తదమ్మా. నేనేమన్న దొంగనా?”

“నేనట్ల అన్ననా? కూసుంట అన్న.”

కోడలు నవ్వింది. “మా అత్తమ్మ పోదన్నా. దవాఖానల సెలైన్ బొట్లు గూడ లెక్కపెడ్తది.”

ఆయన డబ్బా పక్కరేకు విప్పాడు. హార్డ్ డిస్క్ అరచేతి పొడవున్న ఇనుప పెట్టె. దానికి రెండే వైర్లు. వెడల్పుది కరెంటుకు, సన్నది సమాచారం రాకపోకలకు. అటు రెండు, ఇటు రెండు మరలు తీస్తే బయటికి జారింది. దాన్ని తన దుకాణం కంప్యూటర్‌కు తగిలించాడు. అది ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు కాబట్టి ముందు నా డిజైన్లను తన డిస్కులోకి దించుకోవాలన్నాడు. వేరే దారి లేదా అని అడిగాను. లేదన్నాడు. ముప్పై తొమ్మిదీ దిగేదాకా తెర వైపే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత కొత్త డిస్కు పెట్టె తెరిచాడు. అట్టపెట్టె మీది నంబరూ డిస్కు మీది నంబరూ ఒక్కటేనా అని అంకె అంకె కలిపి చూశాను, కలిసింది. పాతది తీసిన చోటే దాన్ని జరిపి మరలు బిగించాడు. వైర్ల మూతికి ఒక పక్క గాడి ఉంటుంది, తిరగేస్తే ఎక్కదు, బలవంతం చేయకూడదు అన్నాడు. ఆ తర్వాత విండోస్ ఎక్కించాడు. అయ్యాక చూస్తే, పెట్టె మీద వెయ్యి జీబీ అని ఉన్నది తెర మీద 931 చూపించింది.

“మిగిలినయి ఏడ పోయినయ్?”

“అందరికీ గంతే చూపిస్తదమ్మా. కంపెనోళ్ళు వెయ్యికొక మెట్టు లెక్కేస్తరు. కంప్యూటర్ వెయ్యిన్నిరవై నాలుగుకొక మెట్టు లెక్కేస్తది.”

నమ్మలేదు. బిల్లు వెనక ఒకటి వేసి పన్నెండు సున్నాలు పెట్టి, 1024తో మూడుసార్లు భాగించాను. 931 వచ్చి కొంచెం మిగిలింది. అప్పుడు ఊరుకున్నాను.

డిజైన్లు ముప్పై తొమ్మిదీ కొత్త డిస్కులోకి వచ్చాయి. ఒక్కొక్కటే తెరిచి చూసుకున్నాను. ఇక ఆయన కంప్యూటర్‌లో ఉన్నవి తీసేయమన్నాను. మీట నొక్కాడు. చెత్తబుట్ట బొమ్మలో ఉన్నాయని నేనే చూపించాను. అదీ ఖాళీ చేశాడు.

“ఇప్పుడు ఏడికి పోయినయ్?”

ఆయన కోడలి వైపు చూశాడు. కోడలు నా వైపు చూపించింది.

“ఏడికీ పోవమ్మా. డిస్కు మీదనే ఉంటయ్. అవి ఎక్కడున్నయో చెప్పే చీటీ ఒక్కటే చింపేస్తది. వాటి మీద వేరేదేమన్న రాస్తెనే అవి పోతయ్.”

“అంటే ఎవలన్న ఎతికితే దొరుకుతయ్.”

“దొరకొచ్చు. కానీ నాకెందుకమ్మా నీ ముగ్గులు?”

ముగ్గులు అన్నందుకు నాకు అనుమానం తగ్గకపోగా పెరిగింది. వాటి విలువ తెలియనట్టు మాట్లాడేవాడిని నేను ఎక్కువ గమనిస్తాను. వేరేది రాయమన్నాను. సున్నాలు నింపే సాఫ్ట్‌వేర్ ఉంది, అది నడుపుతానన్నాడు.

“సున్నాలు నింపినట్టు నాకెట్ల కనిపిస్తది?”

చివరికి ఆయన దగ్గరున్న పెళ్ళి వీడియోలూ సినిమాలూ ఆయన దుకాణం డిస్కులోకి దించడం మొదలుపెట్టాం. చాలకపోతే అవే మళ్ళీ దించాం. జాగా లేదని తెర మీద పడేదాకా నేను కుర్చీ దిగలేదు.

“నా దుకాణం బంద్ పెట్టిచ్చినవ్ గదమ్మా,” అన్నాడు.

ఆలోపు పాతదాన్ని విప్పించాను. లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు రెండు, వాటి మీద అటూ ఇటూ ఊగే సన్నటి చేయి. పళ్ళెం తిరుగుతుంటే ఆ చేతి కొస తగలకుండా పైపైన తేలుతూ రాస్తుందట, చదువుతుందట. జాడ దొరకనప్పుడు మొదటికి వచ్చి మళ్ళీ వెతుకుతుంది, ఆ చప్పుడే నేను విన్నది. కట్లు కట్టే ముందు మేం అర్ధచంద్రంలా కొట్టిన మేకుల మీద దారం పోస్తాం, దాన్ని ఆసు అంటాం. ఆసు మీద ఆడే చేయి ఇలాగే ఉంటుంది. స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని పళ్ళేలు రెండూ రెండు వైపులా గీసి, సంచిలో వేసుకున్నాను.

దసరాకు ముందు చీరలు మగ్గం దిగాయి, అమ్ముడుపోయాయి. చలికాలంలో అదే డిజైన్ మిల్లు గుడ్డ మీద కనిపించింది. మొదట రిపేరు దుకాణం ఆయన ముఖమే గుర్తొచ్చింది. ఆటో ఎక్కి వెళ్ళి గట్టిగా అడుగుదామనుకున్నాను. ముందుగా ఒక మీటరు కొని భూతద్దంతో చూశాను. నా కంప్యూటర్‌లో గళ్ళకు అంచులు మెట్లు మెట్లుగా ఉంటాయి. చీర మీద, కట్టు కింద రంగు కొద్దిగా పాకి, అంచు చెదురుతుంది. ఆ మిల్లు గుడ్డ మీద చెదురు కూడా అచ్చయింది. అంటే నేసిన చీరను ఫొటో తీశారు, డిస్కులోది కాదు.

“ఇగనన్న ఆయన మీద అనుమానం పోయిందా అత్తమ్మా?”

“ఆయన మీద పోయింది. మొదలు చీరలు కొన్నదెవలో యాది చేస్కుంటున్న.”

పోయిన ఏడు డిస్కు మళ్ళీ మార్చాల్సి వచ్చి ఆయన దగ్గరికే వెళ్ళాను. ఇప్పుడొచ్చేదాంట్లో తిరిగే పళ్ళెం ఉండదట, చప్పుడూ రాదట. చెడిపోయే ముందు ఎలా తెలుస్తుందని అడిగితే, చాలాసార్లు తెలియదన్నాడు. నాకది నచ్చలేదు. నన్ను చూడగానే, అడగకముందే, తన పెన్‌డ్రైవ్‌లు నాలుగూ తీసి నా కళ్ళముందు బల్ల మీద పెట్టాడు.

“జేబుల ఏమన్న ఉందా బిడ్డా?”

ఇంకొకటి ఉంది, తాళంచెవుల గుత్తికి వేలాడుతూ. అదీ తీసి పెట్టాడు.