ఎండ పట్టికలో చివరి రెండు వరుసలు

1993 అక్టోబరులో మస్కట్ తీరాన ఒక పెద్ద హోటల్లో ఫస్ట్ ఎయిడ్ రూమ్ నర్సుగా చేరాను. అంతకు ముందు నాలుగేళ్లు ఒమాన్ లోపలి ఊరు ఇబ్రిలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో పనిచేశాను. అక్కడ కాన్పులు, తేలుకాట్లు, సైట్ల మీద నలిగిన వేళ్లు. ఇక్కడ ఒక గది, రెండు మంచాలు, ఒక మందుల బీరువా, కిటికీలోంచి కనిపించే ఈతకొలను. హోదాలో నేను హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌తో సమానం. అంటే ఆఫీసర్ల భోజనశాలలో తినవచ్చు గాని కిటికీ పక్క బల్ల మీద ఆశ పెట్టుకోకూడదు. నా పైఅధికారి నేరుగా జనరల్ మేనేజరే. యూరప్ మనిషి, మర్యాదస్తుడు, ఏ విషయమైనా కాగితం మీద కనిపిస్తేనే నమ్మేవాడు.

చిన్నప్పుడు గుంటూరులో మా అమ్మ నన్ను పొద్దున పది దాటాక వాకిట్లోకి రానిచ్చేది కాదు. "నల్లబడి చస్తావే" అన్నది ఆమెకు తెలిసిన చర్మవైద్యం మొత్తం. ఆ ఇంట్లో సున్నిపిండితో పెరిగినదాన్ని, పరాయి దేశంలో జీతం తీసుకుని మనుషులు నల్లబడటానికి ముహూర్తాలు పెట్టాను.

అక్కడ సీజన్ అక్టోబరులో మొదలై మే నెల దాకా సాగేది. చలిదేశాల నుంచి అతిథులు వారం రోజుల సెలవు మీద వచ్చేవారు. ఆ వారంలోనే ఒళ్లు రంగు తేలాలి, అంటే గోధుమ రంగుకు నల్లబడాలి, లేకపోతే ఊళ్లో అందరూ సెలవు వృథా అయిందనుకుంటారట. అందుకని విమానం దిగిన రోజే నడినెత్తి ఎండలో కొలను గట్టు మీద వాలుకుర్చీల్లో పడుకునేవారు. చీకటి పడేలోగా నా గదికి వచ్చేవారు, వీపంతా ఎర్రబడి, భుజాల మీద బొబ్బలతో. తడిగుడ్డలు, కాలమైన్ లోషన్, తాగడానికి నీళ్లు, రెండు రోజులు నీడపట్టున ఉండమని సలహా. సలహా మాత్రం ఎవరూ పుచ్చుకునేవారు కాదు. రెండో వారంలో ఒకే రోజు ఏడుగురు వచ్చారు. వాళ్లలో ఒకాయన హోటల్ మీద ఫిర్యాదు ఉత్తరం రాశాడు. ఎండ ఇంత తీవ్రంగా ఉంటుందని ముందే చెప్పలేదన్నది ఆయన అభియోగం.

మేనేజరు నన్ను పిలిచి, ఎవరు ఏ వేళలో ఎంతసేపు ఎండలో ఉండవచ్చో ఒక పట్టిక తయారు చెయ్యమన్నాడు. అచ్చు వేయించి కొలను దగ్గర పెడతాం, కింద నా సంతకం, హోటల్ ముద్ర ఉంటాయన్నాడు. నా సంతకం అచ్చులో చూసుకోవడం అదే మొదలు. సంతోషించానని ఒప్పుకుంటాను.

చర్మవైద్యులు మనుషుల చర్మాన్ని ఆరు రకాలుగా విభజిస్తారు. ఒకటో రకానికి ఎర్రజుట్టు, ఒంటి మీద చుక్కలు. ఎండలో ఎప్పుడూ కాలుతుంది, ఎన్నడూ రంగు తేలదు. రెండోది కాలి, కాలి, కాస్త తేలుతుంది. మూడోది కొంచెం కాలి బాగా తేలుతుంది. నాలుగోది గోధుమ రంగు, అరుదుగా కాలుతుంది. ఐదోది మన చామనచాయ, ఆరోది నలుపు. రకం తేల్చడానికి మోచేతికి పైన, లోపలి వైపు చర్మం చూస్తాం. అక్కడ ఎండ తగలదు కాబట్టి అది అబద్ధం చెప్పదు. జుట్టు, కళ్లు చూస్తాం. ఆపైన ఒక ప్రశ్న వేస్తాం: వేసవిలో మొదటిసారి అరగంట ఎండలో ఉంటే మర్నాటికి ఏమవుతుంది? అన్నిటికన్నా ఆ జవాబే ముఖ్యం.

దాన్నిబట్టి వేళలు రాశాను. ఒకటి, రెండు రకాలవాళ్లు ఉదయం తొమ్మిదిలోపు గాని సాయంత్రం నాలుగు తర్వాత గాని, మొదటి రోజు పది నిమిషాలు. మూడు, నాలుగు రకాలకు ఇంకొంచెం వెసులుబాటు. పదకొండు నుంచి మూడున్నర దాకా ఈ నాలుగు రకాల్లో ఎవరూ గట్టు మీద ఉండకూడదు.

అచ్చుకు పంపే ముందు మేనేజరు ఒక లోపం పట్టుకున్నాడు. పట్టికలో ఆరు వరుసలున్నాయి, ఐదు, ఆరు ఖాళీ. ఖాళీగా ఉంటే బాగుండదు, ఏదో ఒకటి రాయమన్నాడు. ఆ రకాల అతిథులు రంగు తేలడం కోసం అంత దూరం రారు కదా. రెండు వరుసలకూ కలిపి "ఏ వేళైనా, పరిమితి లేదు" అని ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. టీ చల్లారిపోతోంది. మొత్తం అర నిమిషం పట్టి ఉంటుంది.

పట్టిక బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక్కటే చిక్కు. మన పెళ్లిచూపుల్లో పిల్ల రంగును ఒక మెట్టు పెంచి చెబుతారు గదా, ఇక్కడ అందరూ ఒక మెట్టు దించి చెప్పేవారు. ఎర్రజుట్టు పెద్దమనిషి ఒకాయన తాను నాలుగో రకమని, వాళ్ల ముత్తవ్వ దక్షిణ యూరప్ మనిషని నాతో గంటసేపు వాదించాడు. ప్రమోషన్ రాని గుమస్తాలా అలిగి వెళ్లాడు. ఏమైతేనేం, బొబ్బలు తగ్గాయి. పదకొండు కొట్టేసరికి గట్టు ఖాళీ అయ్యేది. మేనేజరు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు.

ఖాళీ అయిన ఆ గట్టే ఒకరి కంట పడింది.

1994 ఏప్రిల్లో కొలను చుట్టూ పాత పలకలు తీసి కొత్తవి వేసే పని ఒక కాంట్రాక్టరుకు ఇచ్చారు. కాంట్రాక్టరు తరఫున సైట్ ఇంజనీరు ప్రకాశరావు గారు, మన కాకినాడ మనిషి. పదింటిదాకా అతిథుల నిద్ర చెడకూడదు, చప్పుడు వద్దు. నాలుగు నుంచి మళ్లీ అతిథులు. మధ్యలో గట్టు ఖాళీగా ఉండే వేళ నా పట్టిక పుణ్యమా అని తయారుగా ఉంది. పదకొండు నుంచి మూడున్నర దాకా తాపీ పని పెట్టారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదిక్కడ ఇంకొకరి నోట్లో జరిగింది.

పనివాళ్లు మస్కట్‌లోనే హమ్రియా పేటలోని రూముల నుంచి కంపెనీ బస్సులో వచ్చేవారు. చాలామంది కరీంనగర్, నిజామాబాద్ వైపువాళ్లు. వాళ్లలో తాపీమేస్త్రీ మల్లయ్య. ముప్పై అయిదేళ్లుంటాయి, సన్నటి మనిషి, వచ్చి ఏడాది కాలేదు. పలక వేసి, మట్టం చూసి, తనకు తానే తలూపుకునేవాడు. కిటికీలోంచి రోజూ చూసేదాన్ని. ఎండలో ఉన్నాడని కూడా చూసేదాన్ని. అయినా అతిథులు కాని వాళ్లు నా రిజిస్టరులోకి రారు. అందుకే అంతకు మించి ఆలోచించలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం రెండింటికి మల్లయ్య పడిపోయాడు. నేను వెళ్లేసరికి చర్మం పొయ్యి మీది పెనంలా ఉంది, చెమట చుక్క లేదు, ఏదేదో మాట్లాడుతున్నాడు. చెమట ఆగిపోయి మాట తడబడితే అది వడదెబ్బలో చివరి మెట్టు. అక్కడి నుంచి ప్రతి నిమిషం లెక్కే. అతిథుల వాలుకుర్చీ మీదే పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. చంకలో పెట్టిన థర్మామీటరు నూట ఆరు దాటింది. బార్ నుంచి ఐసు బకెట్లు తెప్పించి చంకల్లో, గజ్జల్లో, మెడ చుట్టూ పెట్టాను. తడి తువాళ్లు కప్పి ఫ్యాను వేశాను, సెలైన్ ఎక్కించాను. జ్వరం మాత్ర దీనికి పనికిరాదు. ఇది లోపలి జ్వరం కాదు, బయటి నిప్పు. నూట రెండుకు దిగాక, అతిథులను విమానాశ్రయం నుంచి తెచ్చే వ్యానులోనే ఆసుపత్రికి పంపాను.

బతికాడు. మూడో రోజు చూడటానికి వెళ్లాను. అంత ఎండలో పని చెయ్యలేమని ఒక్కరైనా ఎందుకు చెప్పలేదని కాస్త గట్టిగానే అడిగాను.

"చెప్పకేంది సిస్టరమ్మా. పదిమందిమి గల్సి పోయినం. పొద్దుగాల్నే వచ్చి మాపటిదాన్క జేస్తం, గా నడిమిట్ల ఆపుమన్నం. ఇంజనీరు సారు నీ కాయితం జూపెట్టిండు. నల్లోళ్లను ఎండ ఏం జెయ్యదని సిస్టరమ్మనే రాసి సంతకం బెట్టిందన్నడు. సదువుకున్నదానివి, నీకెర్క లేదా అని ఊకున్నం."

కోపంతో అనలేదు. అందుకే నాకు ఎక్కువ సిగ్గేసింది. అతను నిజంగానే నాకు తెలిసి ఉంటుందనుకున్నాడు.

తిరిగొచ్చి పని ఫైలు తెప్పించుకున్నాను. మేనేజరు కూడా మధ్యాహ్నం పని సంగతి అడగకపోలేదు. కార్మికుల భద్రతకు ఆధారమేమిటని ఇంజనీరుకు నోట్ పంపాడు. జవాబుగా నా పట్టిక జత చేశారు. చివరి రెండు వరుసల కింద ఎర్ర సిరాతో గీత. మేనేజరు "చూశాను" అని సంతకం పెట్టాడు. కాగితం మీద అంతా సవ్యంగా ఉంది.

పట్టిక రాసింది చర్మం కాలడం గురించి. వడదెబ్బ చర్మం రంగు చూడదు. ఒంట్లో పుట్టే వేడి బయటికి పోలేకపోతే ఏ రంగువాడైనా పడతాడు. నర్సింగ్ మొదటి సంవత్సరం పిల్లకు కూడా తెలిసిన సంగతి. నాకూ తెలుసు. తెలిసి కూడా రాయలేదు, అంతే.

ప్రమాదం జరిగిన వారంలోగా నేను రిపోర్టు రాయాలి. మూడు ప్రతులు: హోటల్‌కు, కాంట్రాక్టరుకు, బీమా కంపెనీకి. అందులో "కారణం" అని ఒక గడి ఉంటుంది. ఐదో రోజు ప్రకాశరావు గారు నా గదికొచ్చి, కుర్చీ లాక్కుని, చాలా ఆత్మీయంగా మాట్లాడారు.

"సిస్టర్ గారూ, మనలో మనమాట. పాత జబ్బు, నీరసం అని రాసెయ్యండి. ఎండ అని రాశారనుకోండి, ముందు అడిగేది మీ పట్టిక గురించేనండి. నా మాట వినండి."

పాత జబ్బు అని రాస్తే మల్లయ్య పనికి అన్‌ఫిట్. పతాకా, అంటే లేబర్ కార్డు, రద్దు చేసి ఆ నెలలోనే విమానం ఎక్కిస్తారు. ఆ ముద్ర పడ్డ మనిషిని మళ్లీ గల్ఫులో ఏ కంపెనీ తీసుకోదు. ఎండ అని రాస్తే ఫైల్లో నా సంతకమే నాకు ఎదురు నిలబడుతుంది. రెండేళ్ల కాంట్రాక్టులో నాకింకా ఏడాదిన్నర దాకా మిగిలే ఉంది, అది పోవచ్చు. ధైర్యవంతురాలిలా ఆ క్షణమే కలం తీశానని రాయడానికి బాగుంటుంది. నిజానికి రెండు రోజులు ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఏడో రోజు రాశాను. కారణం: మధ్యాహ్నపు ఎండలో ఎడతెగని శ్రమ వల్ల వడదెబ్బ. రోగికి పూర్వం జబ్బు లేదు, కోలుకున్నాక పనికి అర్హుడు. జతచేసిన పట్టికలో చివరి రెండు వరుసలు తప్పు. ఆ తప్పు నాది.

మేనేజరు రెండుసార్లు చదివాడు. మల్లయ్య ఎలా ఉన్నాడని అడుగుతాడనుకున్నాను. చివరి వరుసలు తప్పయితే మొదటి వరుసలు ఒప్పేనా అని అడిగాడు. హోటల్ ముద్ర ఉన్న కాగితం తప్పని హోటల్ నర్సే రాసి బీమా కంపెనీకి పంపితే, రేపు ఏ ఎర్రజుట్టు అతిథి కోర్టుకెక్కినా అదే సాక్ష్యం. మర్నాటికి పాత పట్టికలు మాయమయ్యాయి. హోటల్ ఆవరణలో పదకొండు నుంచి మూడున్నర దాకా ఎవరూ ఎండలో ఉండకూడదని, పనివాళ్లతో సహా, ఉత్తర్వు వచ్చింది. కారణం "అతిథుల భద్రత" అని రాశారు. పలకలు కోసే యంత్రాన్ని లాండ్రీ వెనక రేకుల షెడ్డులోకి మార్చి, తెల్లవారుజామున పని మొదలుపెట్టారు. అతిథుల నిద్రేమీ చెడలేదు. ఏప్రిల్లోనే ఆ పని చేయవచ్చని ఎవరికీ తోచలేదు.

మల్లయ్య మూడు వారాలకు తిరిగి డ్యూటీలో చేరాడు. ప్రకాశరావు గారు ఆ తర్వాత నన్ను పలకరించడం మానేశారు. నాకు ఒక మెమో వచ్చింది, తగిన విచారణ లేకుండా పత్రం జారీ చేసినందుకు. దాంతోపాటే కొత్త పట్టిక రాయమన్న ఆదేశం కూడా. ఈసారి నాలుగు వరుసలే పెట్టాను. కింద ఒకే వాక్యం: నీ నీడ నీకంటే పొట్టిగా ఉంటే, నువ్వెవరైనా సరే, నీడకు పో. దాన్ని ఇంగ్లీషులో, అరబీలో, హిందీలో, తెలుగులో రాయించాను. తెలుగు అతిథులు లేరు కదా అన్నాడు మేనేజరు. గట్టు మీద ఉన్నారన్నాను.

కొత్త పట్టిక బోర్డు పెట్టిన రోజు మల్లయ్య దాని ముందు నిలబడి వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. తర్వాత నా కిటికీ వైపు తిరిగాడు.

"గిదే ముందుగాల్నే రాస్తే అయిపోతుండె గద, సిస్టరమ్మా."

ఇప్పుడు అక్కడ వేసవిలో మధ్యాహ్నం పని ఆపాలని చట్టమే ఉందట. మంచిదే. నేను నేర్చుకున్నది అంతకంటే చిన్న సంగతి. ఆలోచించని గడిని ఖాళీగా వదలాలి. అచ్చు అందంగా లేకపోతే పోనీ. ఎవరూ చదవరనుకుని రాసిన వరుసను ఎవరో ఒకరు చదువుతారు, ఇంకెవరి మీదో అమలు చేస్తారు.

ఆ ఆరు రకాల్లో నాది ఐదోది. "ఏ వేళైనా" అని రాస్తున్నప్పుడు నా చెయ్యి ఆ కాగితం మీదే ఉంది. నేను చూసుకోలేదు.