ఎద్దుకు చిక్కం

యాభైయేడులో ఊరంతటినీ పడుకోబెట్టిన ఫ్లూ జ్వరం ఉరుకుందప్పను వదిలింది గానీ, పోతూ పోతూ అతని వాసననూ రుచినీ పట్టుకుపోయింది. ఏడాది దాటినా అవి తిరిగి రాలేదు. జొన్నరొట్టెలోకి పచ్చిమిరపకాయ కొరుక్కుంటే మంట మాత్రం తెలుస్తుంది. భార్య గిడ్డమ్మ రోట్లో నూరిన ఊరిమిండి పచ్చడి నాకుతుంటే, తన రొట్టె వదిలేసి ఆమె వేలి వంకే గుర్రుగా చూస్తాడు. ఒకప్పుడు కోయిలకుంట్ల పక్కనున్న ఆ పల్లెలో వాన వాసన మొదట పట్టేది అతనే. అతని మాట మీదే పక్క చేలవాళ్లు విత్తనాలు వేసేవారు. ఆ మధ్యాహ్నం గాలి తిరిగింది. వాకిట్లో కట్టేసిన ఎద్దు మోర ఎత్తి ముక్కుపుటాలు విప్పింది. దారిన పోతున్న పక్క చేని శేషన్న అది చూశాడు.

"వాన వస్తాండాదప్పా. నీ ఎద్దుకు వాసన తగిలిండాది. ఇంగ నిన్నడిగే పన్లేదు" అని నవ్వుతూ సాగిపోయాడు.

ఉరుకుందప్ప లేచి, కళ్లంలో గింజలు తినకుండా కట్టే చిక్కం తెచ్చి ఎద్దు మూతికి బిగించాడు.

"ఇప్పుడు కళ్లమే లేదు గదా, దానికి చిక్కమెందుకయ్యా?" అంది గిడ్డమ్మ.

"శానా వాసన చూస్తాండాది."

చిక్కం సందుల్లోంచి ఎద్దు గాలి పీలుస్తూనే ఉంది. చినుకులు పడ్డాయి. ఉరుకుందప్ప తడిసిన మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. పళ్ల కింద ఇసుక కరకరలాడింది.