మెట్ల మీద జపాన్ పాట

ఎండాకాలం సెలవుల్ల కొత్త ఫోన్ కొందామని నెట్‌ల వెతుకుతుంటే ఎట్ల తగిలిందో ఏమో, జపానోళ్ల ఫోన్ ప్రకటన ఒకటి ముంగటికొచ్చింది. అది చూసిన పాపానికి దాని ఎనుక ఇంకోటి, దాని ఎనుక ఇంకోటి, రోజూ అవే. నాకు జపాన్ భాష ఒక్క ముక్క రాదు. పాటలు వినెటందుకు భాషేంది? ఒకదాంట్ల చేపలమ్మే ముసలాయన గంప దించుతుంటే ఎనుక పెద్ద పెద్ద వయొలిన్లు మోగుతయి, రాజుకు పట్టాభిషేకం అయితున్నట్టు. ఇంకోదాంట్ల బడిపిల్లలు రైలు కోసం ఉరుకుతుంటే వాళ్ల పాత సినిమాపాట అసొంటిదేదో వస్తది. ఫోన్ మాత్రం ఆఖర్న రెండు సెకన్లు, చుట్టపుచూపుకు వచ్చినట్టు వచ్చి పోతది.

మా అమ్మ, నేను దీన్ని ఆట చేసుకున్నం. పాట మొదలుకాంగనే "ఈ పాటకు ఏమమ్ముతరు చెప్పు?" అని అడుగుత. అమ్మ "సబ్బు" అంటది. నేను "బియ్యం" అంట. చివరికి ఫోనే అని ఇద్దరికీ ఎరుకే, అయినా నవ్వుడే. గోదావరిఖనిల మా గల్లీకంతటికీ బతుకమ్మ పాట ఎత్తుకునేది అమ్మనే. ఒక్కసారి విన్న రాగం ఆమెను తప్పించుకొని పోదు. రొట్టెలు కొట్టుకుంట ఆ జపాన్ ప్రకటనల రాగాలే తీసేది.

ఆ ఏడే మా నాయన రిటైరైండు. మేం బాపు అంటం. బొగ్గుబాయిల ఏండ్లకేండ్లు టింబర్‌మన్ పని చేసిండు, అంటే బాయి లోపల పైకప్పు కూలకుంట కర్ర దిమ్మెలు నిలబెట్టుడు. లోపల్కి పోంగనే కర్రతోని పైకప్పును కొట్టి, సప్పుడు విని చెప్పాలె. ఖంగుమంటే గట్టిది. డొల్లగ మోగితే ఎనుకకు జరుగుడే. అట్ల సప్పుడు విని బతికిన మనిషి ఇంట్ల కూసుంటే ఏమైతది? గోడలు కొట్టి చూసుడు, తలుపులు కొట్టి చూసుడు, ఆఖరికి అమ్మ కొత్తగ తెచ్చిన నీళ్ల రంజన్లు గుడ కొట్టి చూసుడు.

"నీ బాపుకు ఏమన్న పని చూడు బిడ్డా. లేకుంటే నేనే బాయిల డ్యూటీకి పోత" అన్నది అమ్మ.

అప్పుడే ఇంకో ప్రకటన కండ్లపడ్డది. అడివిల ఏటవాలుకు పొడుగ్గ చెక్కల బాట కట్టిన్రు. పై నుంచి చెక్క బంతి ఒకటి ఇడిస్తే, అది ఒక్కో చెక్క మీద పడుకుంట, దొర్లుకుంట కిందికి వస్తది. ఒక్కో చెక్కది ఒక్కో స్వరం. అన్నీ కలిస్తే తెల్లోళ్ల పాత శాస్త్రీయ సంగీతం. నేను ఫోన్ తీస్కపోయి బాపు ముంగట పెట్టిన.

"జపానోళ్లు తప్ప దునియాల ఎవ్వలు చెయ్యలేరట బాపూ ఇది" అన్న.

"ఎవ్వలన్నరు?"

"కింద రాసున్నది చూడు" అని జపాన్ అక్షరాలు చూపిచ్చిన. అక్కడ ఏం రాసున్నదో ఆ దేవునికే తెల్వాలె.

బాపు మూడుసార్లు చూసిండు. కండ్లద్దాలు తుడుసుకొని నాలుగోసారి చూసిండు. "కర్ర పని నాకు చెప్తున్నరా?" అని లేసి అంగీ తొడుక్కున్నడు.

పక్కింటి చాచా బాయిల ఫిట్టర్‌గ చేసి రిటైరైనోడు, బాపుకు జిగ్రీ దోస్తు. ఇద్దరు కల్సి కమాన్‌పూర్ దిక్కు ఒక కట్టెల మిల్లుకు పోయి, ఆటోల తుంటలు ఏసుకొచ్చిన్రు. మా ఇంటి బయట డాబా మీదికి పోయే మెట్లున్నయి. వాటి మీద నుంచి కింది దాక చెక్కల బాట మొదలుపెట్టిన్రు. అన్ని చెక్కలు ఒకే కొలత కోసిన్రు. చాచా లేత్ మీద తిప్పిచ్చుకొచ్చిన బంతిని ఇడిస్తే టక్ టక్ టక్ టక్, మేకపిల్ల మెట్లు దిగినట్టు.

"అన్నీ ఒక్క తీరుంటే పాటెట్లయితది? పొట్టిది సన్నగ మోగుతది, పొడుగుది లావుగ మోగుతది" అన్నది అమ్మ కిటికీల నుంచి.

బాపు ఆ మాట వినలేదన్నట్టు ఉండి, తెల్లారి చెక్కలన్నీ వేరు వేరు కొలతల్ల కోసిండు. నేను ప్రకటన పెడితే ఒక్కో స్వరం విని, చెక్క కొట్టి చూసి, ఇంత చెక్కి, మళ్ల కొట్టి చూసెటోడు. నడుమ అమ్మ "ఆ మూడోది జర తక్కువైంది" అంటే బాపుకు కోపమొచ్చింది.

"పాట గురించి నీకేం తెల్సే? ఇది బతుకమ్మ అనుకుంటున్నవా? జపాన్!"

అమ్మ కిటికీ ఏసింది. అయిపాయె అనుకున్న నేను. ఆమె ఊకున్నదంటే ఏదో అయితది.

పదిహేను రోజులకు బాట తయారైంది. ఆదివారం గల్లీ వాళ్లందరినీ పిలిచి చూపియ్యాలని చాచా చెప్పిండు. శనివారం ఇద్దరు పింఛన్ కాగితాల పని మీద రామగుండం పోయిన్రు. గేటు పడ్డ సప్పుడు కాంగనే అమ్మ గరిటె పట్టుకొని బయటికి వచ్చింది.

"ఆ కిందికెళ్లి చెక్కలు జర ఊడదీయ్ బిడ్డా."

"అమ్మా, సంపుతడు!"

"తియ్యంటున్న గద."

నేను తీసిన. నాకు గుడ మనసుల ఉన్నదే. అమ్మ మెట్ల మీద కూసొని ఒక్కో చెక్కను గరిటెతోని కొట్టుకుంట, బతుకమ్మ పాట రాగం సన్నగ తీసుకుంట, ఏరిపెట్టింది. ఏరుతుంటే నవ్వొచ్చి కొంగు నోట్ల కుక్కుకున్నది. మెట్ల సగం దాక జపాన్ అట్లనే ఉంచినం, కిందివి అమ్మ ఆ వరుసల మళ్ల చీలలు కొట్టి బిగిచ్చింది. కింది సగం మాది.

ఆదివారం పొద్దుగాల ఎండ ఎక్కకముందే ఇరవై మంది దాక జమైన్రు. చాచా ఫోన్ పట్టుకొని వీడియో తీస్తున్నడు. బాపు ఉతికిన అంగీ ఏసుకొని, డాబా మీద నిలబడి బంతి ఇడిచిండు.

సగం దాక మస్తు వచ్చింది. ఆ తర్వాత మెట్టు దాటంగనే బంతి మా పాట ఎత్తుకున్నది. గల్లీల ఆడోళ్లు మొదలు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. మరి చేతులు ఊకుంటయా? చప్పట్లు పడ్డయి. ఎదురింటి అక్క నోరు ఇప్పి పాడనే పాడింది. బంతి ఆఖరు చెక్క దిగి, గేటు కింద నుంచి పోయి మోరీ కాలువల పడ్డది.

బాపు డాబా మీద బొమ్మ లెక్క నిలబడ్డడు. నేను చాచా ఎనుక దాసుకున్న. బాపు గొంతు సవరిచ్చుకొని, మెల్లగ అన్నడు: "చూసిన్రా? మన పాట జపాన్ దాక ఎట్ల పోయిందో!"

"వాళ్లు అంతే భాయ్, మంచిదేదున్నా ఎత్కపోతరు" అన్నడు చాచా, పక్కా నమ్మకంతోని.

అందరు పోయినంక బాపు కిందికి దిగి చెక్కలు తిప్పి చూసిండు. అడుగున చాక్‌పీసుతోని నంబర్లు ఏసుకున్నడట, బాయిల దిమ్మెలకు ఏసే అలవాటు. పంతొమ్మిది పక్కన ముప్పై ఒకటి. దాని పక్కన ఇరవై రెండు. నా దిక్కు చూసిండు. నేను మోరీల బంతి వెతుకుతున్నట్టు వంగిన.

సీదా వంటింట్లకు పోయిండు. నేను దర్వాజ దగ్గర నిలబడ్డ, కొట్లాటయితే అడ్డం పోదామని.

"కింద నుంచి నాలుగోది ఊగుతున్నది" అన్నడు బాపు. "చీల గట్టిగ కొట్టలే నువ్వు. పని చేస్తే సరిగ్గ చెయ్యాలె."

"చేతికి గరిటె తప్ప ఏం దొరకలే" అన్నది అమ్మ.

"సుత్తె చెప్పుల స్టాండు కింద ఉన్నది" అని చెప్పి, చాయ్ గిలాస పట్టుకొని బయటికి పోయిండు. అమ్మ, నేను అంత నవ్వు ఎట్ల ఆపుకున్నమో మాకే తెల్వదు.

తెల్లారినుంచి అమ్మ గుడ మెట్ల మీదనే. ఆమె రాగం చెప్పుడు, ఆయన చెక్క చెక్కుడు, ఇద్దరు జగడం పెట్టుకునుడు. కూర మాడిన వాసనొస్తే నేను లేసి పొయ్యి బందు చేసుడు. మొదటి వానకు చెక్కలు ఉబ్బి పాట గొంతు బొంగురువోయింది. ఊడదీసి ఆరబెట్టినా మళ్ల ఆ గొంతు రాలే. ఇప్పుడు ఎండిన వెదురైతే తడికి ఆగుతదని బాపు, వెదురుకు సప్పుడే ఉండదని అమ్మ. ఎవ్వలది నిజమో తేల్చెటందుకు వచ్చే ఆదివారం ఇద్దరు కల్సి గోదావరి అవుతల జైపూర్ దిక్కు మా మేనమామ ఇంటికి వెదురు కొట్టుకరాను పోతరట.